జడ్చర్ల ఆస్పత్రి మోడల్: పదిహేనేళ్ల తర్వాత ఆ జనరేటర్ బయటికి ఎలా వస్తుంది?

తమ్ముడూ, మీరు అడిగింది క్లుప్తంగా ఇది. జడ్చర్ల దగ్గర వంద పడకల ప్రైవేటు ఆస్పత్రి, ఒక సెల్లార్, పైన ఐదు అంతస్తులు. స్థలం కలిసొస్తుందని 250 కేవీఏ జనరేటర్‌ను సెల్లార్‌లో పెట్టమని ఓనర్ అంటున్నారు. గ్రౌండ్ ఫ్లోర్‌లో ఎంఆర్ఐ, టెర్రస్ మీద ఏసీ అవుట్‌డోర్ యూనిట్లు. రెవిట్ (బిల్డింగును కంప్యూటర్‌లో త్రీడీలో గీసే సాఫ్ట్‌వేర్) మోడల్‌లో క్లాష్‌లు, అంటే ఒకదానికొకటి తగిలే చోట్లు, సున్నాకు వచ్చాయి కాబట్టి పని అయిపోయినట్టేనని మీ సీనియర్ అభిప్రాయం. రేపు యంత్రాలు మార్చాల్సి వచ్చినప్పటి సంగతి కూడా ఇప్పుడే మోడల్‌లో చూపించాలా, చూపిస్తే ఎలా అన్నది మీ ప్రశ్న.

చూపించాలి. అదీ స్లాబ్ పడకముందే. క్లాష్ సున్నా అంటే అన్నీ ఒకదానికొకటి తగలకుండా కూర్చున్నాయని మాత్రమే. కూర్చున్నది లేచి బయటికి పోగలదా అన్నది ఆ రిపోర్టు చెప్పదు. యంత్రం లోపలికి వచ్చే రోజున బిల్డింగులో సగం గోడలు లేవవు, పేషెంట్లు ఉండరు, ఒక్కోసారి పైన స్లాబ్ కూడా ఉండదు. బయటికి పోయే రోజున ఇవన్నీ ఉంటాయి.

నల్లగొండలో నేను పని చేసిన ఒక ఆస్పత్రి సంగతి చెబుతాను. సర్వీసెస్ డ్రాయింగులు నా చేతుల మీదుగానే వెళ్లాయి. 160 కేవీఏ జనరేటర్ సెట్టును గ్రౌండ్ ఫ్లోర్ స్లాబ్ వేయకముందే క్రేన్‌తో పైనుంచి సెల్లార్‌లోకి దించాం. ఒక్క పూటలో పని అయిపోయింది, అందరం సంతోషపడ్డాం. పదకొండేళ్లకు ఇంజన్ బ్లాక్ పగిలింది. అప్పటికి ర్యాంపు మొదట్లో ఫైర్ లైన్ పైపులు రెండు కిందికి దిగి ఉన్నాయి, మందుల షాపు గోడ ర్యాంపు మీదికి జరిగి ఉంది. సెట్టు ర్యాంపు ఎక్కే దారి లేదు. గోడ పగలగొడదామంటే దాని వెనకాలే కాలమ్. చివరికి కానోపీని (సెట్టు చుట్టూ ఉండే రేకు డబ్బాను) ముక్కలుగా విప్పి, ఇంజన్‌ను, ఆల్టర్నేటర్‌ను విడదీసి, చైన్ బ్లాక్‌తో (గొలుసు కప్పీతో) ఒక్కొక్కటీ లాగాం. తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజులూ రోడ్డు పక్కన కిరాయి జనరేటర్, కిటికీలోంచి లోపలికి కేబుల్. కరెంటు పోయినప్పుడల్లా డయాలసిస్ గది బయట కూర్చున్నవాళ్లు లేచి నిలబడేవాళ్లు. ఆ దృశ్యం నాకు ఇప్పటికీ కళ్లముందే ఉంది. ఈ జవాబు ఇంత పొడవుగా రాయడానికి కారణం అదే.

ఇక మీ సెల్లార్ లెక్క చూద్దాం. 250 కేవీఏ సెట్టు కానోపీతో కలిపి సుమారు నాలుగున్నర మీటర్ల పొడవు, 1.6 వెడల్పు, 2.2 ఎత్తు, మూడున్నర టన్నుల బరువు అనుకుందాం. కంపెనీని బట్టి కాస్త అటూ ఇటూ ఉంటుంది. మీ సెల్లార్ ఎత్తు ఫ్లోర్ నుంచి ఫ్లోర్‌కు 3.6 మీటర్లు అని రాశారు. బీమ్ లోతు స్లాబ్‌తో కలిపి 0.6 పోతే 3 మీటర్లు. బీమ్ కింద డ్రైనేజీ పైపు, స్ప్రింక్లర్ లైన్, కేబుల్ ట్రే కలిసి 45 సెంటీమీటర్లు తింటాయి. మిగిలింది 2.55. సెట్టు కింద రోలర్లు, చెక్కలు 15 సెంటీమీటర్లు కలిపితే యంత్రానికి 2.35 కావాలి. అంటే 20 సెంటీమీటర్లు ఖాళీ ఉందన్నమాట, మోడల్‌లో చూస్తే సరిపోతుందనే అనిపిస్తుంది.

కానీ ర్యాంపు మొదలయ్యే చోట ఏమవుతుందో చూడండి. మీ ర్యాంపు వాలు 8కి 1. నాలుగున్నర మీటర్ల వంగని వస్తువు సగం చదును మీద, సగం వాలు మీద ఉన్నప్పుడు దాని నడుము నేల నుంచి లేస్తుంది. వాలు మీదున్న కొన 28 సెంటీమీటర్లు పైకి వెళ్తే, నడుము 14 సెంటీమీటర్లు లేస్తుంది. సరిగ్గా ఆ చోటనే మీ బీమ్ ఉంది. ఇరవైలో పద్నాలుగు పోతే మిగిలేది ఆరు. ఫ్లోరింగ్ మందం ఐదు వేస్తే ఒకటి. చైన్ బ్లాక్‌తో ఎత్తాలంటే పైన ఇంకో మీటరు కావాలి, ఆ మాటే వద్దు.

మలుపు కూడా అంతే. ఆ సెట్టును సమాన వెడల్పున్న రెండు నడవల మధ్య తొంభై డిగ్రీలు తిప్పాలంటే నడవ వెడల్పు కనీసం ఎంత ఉండాలి? పొడవులో సగానికి వెడల్పు కలిపి 1.414తో భాగించండి. 2.25 ప్లస్ 1.6, అంటే 3.85; భాగిస్తే 2.72 మీటర్లు. చేతులు పెట్టడానికి, హమాలీలు పక్కన నిలబడటానికి 3 మీటర్లు అనుకోండి. ఆస్పత్రి నడవ 2.4 మీటర్లు ఉంది కదా, స్ట్రెచర్లు తిరుగుతున్నాయి కదా అనుకుంటే ఇక్కడ కుదరదు.

నా మాట వింటే జనరేటర్‌ను సెల్లార్‌లోంచి తీసేసి వెనక సెట్‌బ్యాక్ (బిల్డింగు చుట్టూ వదిలే ఖాళీ) వైపు నేలమీద ప్లింత్ (దిమ్మె) కట్టి పెట్టండి, నిబంధనలు ఒప్పుకున్నంత మేర. సెల్లార్‌లోకి వాన నీళ్లు దిగితే ముందు మునిగేది అదే, పొగ బయటికి పంపడం కూడా కష్టమే. ఆయిల్ ట్రాన్స్‌ఫార్మర్ సంగతైతే చెప్పక్కర్లేదు, అది బయటే ఉండాలి. ఓనర్ అస్సలు ఒప్పుకోకపోతే సెల్లార్‌లోనే, కానీ బయటి గోడ పక్కన పెట్టి, పైన స్లాబ్‌లో 5.5 మీటర్లు బై 2.5 మీటర్ల ఓపెనింగ్ వదలండి. ఓపెనింగ్ చుట్టూ బీములు, పైన విప్పగలిగే ప్రీకాస్ట్ పలకలు, నీళ్లు దిగకుండా అంచు. ఆ పలకల మీద తర్వాత ఎవరూ గది కట్టకుండా దాన్ని డ్రైవ్‌వేలోకి వచ్చేలా చూడండి. అప్పుడు పలకల బలం కూడా మీద తిరిగే బండ్లకు తగ్గట్టే డిజైన్ కావాలి.

క్రేన్ ఎక్కడ నిలబడుతుంది అన్నది చాలామంది మరిచిపోతారు. మన దగ్గర దొరికేది 12, 14 టన్నుల హైడ్రా, అంటే చక్రాల మీద తిరిగే చిన్న క్రేన్. దాని సొంత బరువే పది టన్నులు దాటుతుంది, చేయి చాపితే ఎత్తగలిగే బరువు గబగబా పడిపోతుంది. మీ సెల్లార్ బిల్డింగును దాటి యార్డు కిందికి కూడా వచ్చింది. అంటే హైడ్రా నిలబడేది మట్టి మీద కాదు, స్లాబ్ మీద. ఫైరింజన్ తిరిగే దారికి స్లాబ్‌ను ఎలాగూ గట్టిగా డిజైన్ చేయిస్తారు కాబట్టి హైడ్రా నిలబడే చోటు కూడా ఆ దారిలోనే వచ్చేలా చూసుకుంటే స్ట్రక్చరల్ ఇంజనీర్‌కు కొత్త భారం ఉండదు. లోపల యంత్రం దొర్లే దారి గురించి కూడా ఆయనకు చెప్పాలి. బిల్డింగు మోయాల్సిన బరువులు చెప్పే భారతీయ ప్రమాణం ఐఎస్ 875 రెండో భాగం ప్రకారం ఆస్పత్రి వార్డులకు చదరపు మీటరుకు 2 కిలోన్యూటన్లు, అంటే సుమారు 200 కిలోలు. మూడున్నర టన్నుల సెట్టు బరువును దాని అడుగు భాగం అంతా సమానంగా పరిచినా చదరపు మీటరుకు 480 కిలోలు దాటుతుంది. నిజానికి పరచుకోదు, నాలుగైదు రోలర్ల మీద పడుతుంది. యంత్రం గదికి బలమైన స్లాబ్ ఇచ్చి, గదికి పోయే దారికి మామూలు స్లాబ్ ఇచ్చిన డ్రాయింగులు నేను చాలా చూశాను.

ఇప్పుడు మోడల్‌లో ఎలా చేయాలో.

ప్రతి పెద్ద యంత్రం ఫ్యామిలీలో (రెవిట్‌లో ఆ యంత్రానికి గీసే నమూనాలో) మూడు ఘనాలు పెట్టండి. మొదటిది యంత్రం శరీరం. రెండోది రోజువారీ సర్వీసుకు కావాల్సిన ఖాళీ, అంటే ఫిల్టరు తీయడానికి, ప్యానెల్ తలుపు తెరవడానికి. మూడోది లోపలి భాగం లాగడానికి కావాల్సిన ఖాళీ. ఈ మూడోదే అందరూ వదిలేస్తారు. మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో పాత బాయిలర్ ఆపరేటర్‌ను అడిగి చూడండి, ట్యూబులు లాగడానికి బాయిలర్ ముందు ట్యూబు పొడవంత చోటు ఎందుకు వదలాలో ఆయన చెబుతాడు. వాటర్ కూల్డ్ చిల్లర్‌కు (ఏసీ కోసం నీళ్లు చల్లబరిచే యంత్రానికి) కూడా ఒక కొసన అదే ఖాళీ కావాలి. మూడు ఘనాలకూ వేర్వేరు సబ్‌కేటగిరీలు ఇవ్వండి, అవసరమైనప్పుడు చూపించి మిగతా సమయాల్లో దాచుకోవచ్చు.

తర్వాత దారి. యంత్రం గది నుంచి లారీ ఎక్కే చోటు దాకా, యంత్రం వెడల్పు, ఎత్తు కంటే కాస్త పెద్దగా ఒక పొడవాటి ఘనాన్ని స్వీప్‌లాగా, అంటే దారి గీత వెంట సాగేలా, మోడల్ చేయండి. మలుపుల దగ్గర తిరిగేటప్పుడు కొసలు గీసే వంపు కూడా అందులో రావాలి, ర్యాంపు మొదట్లో నేను చెప్పిన 14 సెంటీమీటర్లు కూడా రావాలి. దీన్ని జెనెరిక్ మోడల్‌గా (ఏ ప్రత్యేక రకానికీ చెందని వస్తువుగా) పెట్టి సొంత వర్క్‌సెట్ (మోడల్‌లో విడి భాగం) ఇవ్వండి, ఎవరికైనా కనిపించేలా ఒక రంగు ఇవ్వండి. మోడళ్లన్నీ కలిపి తగిలే చోట్లు వెతికే నేవిస్‌వర్క్స్ సాఫ్ట్‌వేర్‌లో ఈ ఘనాన్ని స్ట్రక్చర్‌తో, గోడలతో, పైపులతో, డక్టులతో, ట్రేలతో హార్డ్ క్లాష్ (నేరుగా తగిలేవి పట్టే పరీక్ష) పెట్టండి. ఇక్కడ క్లియరెన్స్ క్లాష్ (మరీ దగ్గరగా వచ్చినవి పట్టే పరీక్ష) అని పెట్టి, వచ్చినవాటిని తర్వాత చూద్దామని పక్కన పెట్టడం వద్దు. ఖాళీని కూడా కాంక్రీటంత గట్టి వస్తువుగానే లెక్కపెట్టాలి. ప్లంబింగ్ వాళ్లు ప్రతి వారం మోడల్ పంపినప్పుడల్లా ఈ పరీక్ష మళ్లీ నడవాలి, ఎందుకంటే దారిని మింగేసేది పెద్ద తప్పు కాదు, నెలకో పైపు.

గోడ కొట్టి తీయాల్సిన చోట ఆ ముక్క గోడను వేరే వాల్ టైప్‌గా పెట్టండి. పైన లింటెల్ ఉండాలి, అటూ ఇటూ కాలమ్‌తో కలపకూడదు, అందులో కండ్యూట్, స్విచ్‌బోర్డు, పైపు ఏదీ పోకూడదు. మీ ఎంఆర్ఐ గదికి ఇది ప్రాణం. 1.5 టెస్లా మాగ్నెట్ బరువు మోడల్‌ను బట్టి సుమారు మూడున్నర నుంచి ఆరు టన్నులు, అది తలుపులోంచి పోదు. బయటి గోడలో రెండున్నర మీటర్లు బై రెండున్నర మీటర్ల ఓపెనింగ్, దానికి ఎదురుగా రాగి షీల్డింగ్‌లో విప్పగలిగే ప్యానెల్, బయట హైడ్రా నిలబడే నేల, ఈ మూడూ ఒకే గీత మీద ఉండాలి. హీలియం బయటికి పోయే క్వెంచ్ పైపు ఆ ఓపెనింగ్‌కు అడ్డంగా దిగకుండా చూడండి. ఇప్పుడు కొన్ని లీటర్ల హీలియంతోనే నడిచే మాగ్నెట్లూ వస్తున్నాయి కాబట్టి రేపటి యంత్రానికి ఆ పైపు అవసరం లేకపోవచ్చు, కానీ ఓపెనింగ్ అవసరం మాత్రం పోదు.

రెవిట్‌లో ఫేజులు (పని దశలు) కూడా వాడండి. కొత్త నిర్మాణం తర్వాత ‘మార్పిడి’ అని ఇంకో ఫేజు పెట్టి, పాత సెట్టు, విప్పాల్సిన పైపు ముక్క, కొట్టాల్సిన గోడ డెమాలిష్‌లో చూపించి, కొత్త సెట్టును ఆ ఫేజులో పెట్టండి. ఒక షీటు తీస్తే చాలు, ఓనర్‌కు అర్థం కావడానికి అంతకన్నా మంచి బొమ్మ లేదు.

ఆ కొత్త సెట్టు కొలతలు పాతదానివే వేయకండి. కేవీఏ అదే ఉన్నా యంత్రం అదే ఉండదు. 2023 జూలై 1 నుంచి సీపీసీబీ (కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి) 4 ప్లస్ నిబంధనలు వచ్చాక డీజిల్ సెట్లకు పొగ శుద్ధి చేసే పరికరాలు తోడయ్యాయి, చాలా సెట్లలో యూరియా ద్రావణం ట్యాంకు కూడా వచ్చింది. పాత సెట్టు కూర్చున్న గుంటలో కొత్తది ఇమడకపోవడం ఇప్పుడే మొదలైంది. నేనైతే పొడవు, వెడల్పు, ఎత్తు మూడింటికీ 15 శాతం, బరువుకు 20 శాతం కలిపి దారి గీస్తాను. ఇది కోడ్‌లో ఉన్న అంకె కాదు, నా అనుభవంలో సరిపోయినది.

ఏసీలదీ ఇదే కథ. మాంట్రియల్ ఒప్పందం ప్రకారం ఆర్-22 గ్యాసు వాడకం మన దేశంలో 2030 నాటికి దాదాపు ఆగిపోవాలి. ఆర్-410ఏ లాంటి హెచ్‌ఎఫ్‌సీ గ్యాసుల విషయంలో ఆ ఒప్పందానికే చేసిన కిగాలి సవరణను భారత్ 2021లో ఆమోదించింది, తగ్గింపు 2032లో మొదలై 2047 నాటికి 85 శాతం దాకా వెళ్లాలి. మీరు ఇప్పుడు పెట్టే వీఆర్ఎఫ్ (ఒక అవుట్‌డోర్‌తో చాలా గదులు చల్లబరిచే) ఏసీ యూనిట్లు మార్చేనాటికి వాటి స్థానంలో వచ్చేవి వేరే గ్యాసుతో నడుస్తాయి. కొత్త గ్యాసుకు పాత రాగి పైపులు సైజులో, ఒత్తిడిలో పనికిరాకపోవచ్చు. అంతస్తుల మధ్య పైపులు పోయే షాఫ్ట్ నిండా పైపులు కుక్కేసి ఉంటే పాతవి పీకేదాకా కొత్తవి వేయలేరు, అంటే వార్డు మొత్తం ఆగుతుంది. షాఫ్ట్‌లో మూడోవంతు ఖాళీ ఉంచండి, ప్రతి అంతస్తులో మనిషి దూరగలిగే తలుపు పెట్టండి.

టెర్రస్ గురించి ఒక్క మాట. 20 మంది లిఫ్ట్ అంటే 1360 కిలోలు, ఒక్కో అవుట్‌డోర్ యూనిట్ మూడు నాలుగు వందల కిలోలే కాబట్టి బరువు సమస్య కాదు. కానీ మన బిల్డింగుల్లో లిఫ్ట్ ఆఖరి అంతస్తుతోనే ఆగిపోతుంది, అక్కడి నుంచి టెర్రస్‌కు మీటరు వెడల్పు మెట్లు. ఒక్క స్ట్రెచర్ లిఫ్ట్‌ను టెర్రస్ దాకా తీసుకెళ్లండి. లిఫ్ట్ తలుపు నుంచి యూనిట్ల దాకా గడప లేని దారి ఉంచండి. సోలార్ ప్యానెళ్లు తర్వాత వేస్తారు, వేసేవాళ్లు ఖాళీ కనిపించిన ప్రతి చోటా వేస్తారు. ఆ దారినీ, క్రేన్ సామాను దించే చోటునూ మోడల్‌లోనే కాదు, టెర్రస్ నేల మీద కూడా పసుపు పెయింటుతో గీయించండి.

ఏది ఎప్పుడు మారుతుందో పుస్తకాల్లో ఉన్న ఏళ్లను అలాగే మన పాలమూరు, నల్లగొండ జిల్లాలకు వేయకండి. జనరేటర్‌కు 15 నుంచి 20 ఏళ్లు, లిఫ్ట్‌కు 20 నుంచి 25, సోలార్ ప్యానెల్‌కు 25 అయినా దాని ఇన్వర్టర్‌కు పది పన్నెండు అంటారు. బోరు నీళ్ల గట్టిదనం వల్ల మన దగ్గర నీళ్లతో సంబంధం ఉన్నవన్నీ తొందరగా పోతాయి. గీజర్లు, హీట్ ఎక్స్ఛేంజర్లు, కూలింగ్ టవర్, పంపు ఇంపెల్లర్ తెల్లగా పొలుసు కట్టేస్తాయి. ఎండ ఇంకో దెబ్బ. సీల్డ్ లెడ్ యాసిడ్ బ్యాటరీల ఆయుష్షు 25 డిగ్రీల దగ్గర లెక్కగడతారు, ఆ పైన ప్రతి పది డిగ్రీలకూ దాదాపు సగానికి పడిపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో 44, 45 డిగ్రీలు చూసే ఊళ్లో ఏసీ లేని గదిలో యూపీఎస్ బ్యాటరీలు పెడితే మూడేళ్లు కూడా రావు. అంటే ఈ బిల్డింగులో అన్నిటికంటే ఎక్కువసార్లు మారేది బ్యాటరీలే. వాటి గదిని లిఫ్ట్ పక్కన పెట్టండి, మెట్ల కింద కాదు.

దారి ఉంటే సరిపోదు, మార్చే రోజుల్లో ఆస్పత్రి నడవాలి. నాగార్జునసాగర్ మెయిన్ పవర్ హౌస్‌లో ఎనిమిది యూనిట్లు, 815.6 మెగావాట్లు. జల విద్యుత్ కేంద్రం ఏదైనా సరే, ఒక యూనిట్ విప్పినా మిగతావి తిరుగుతూనే ఉండేలా, పైన క్రేన్, పక్కన భాగాలు పరిచిపెట్టుకునే సర్వీస్ బే బిల్డింగుతో పాటే డిజైన్ అవుతాయి. మన వంద పడకల దవాఖానకూ ఆలోచన అదే. మెయిన్ ప్యానెల్‌లో ఒక ఖాళీ బ్రేకర్, అక్కడి నుంచి బయటి గోడ మీద తాళం వేసిన పెట్టెలోకి కేబుల్. కిరాయి జనరేటర్ వస్తే గంటలో తగిలించేయొచ్చు, కిటికీలోంచి కేబుల్ లాగే పని ఉండదు. దాని పక్కన లారీ మీది జనరేటర్ నిలబడే చోటును కూడా మోడల్‌లో చూపించండి. పంపులకు రెండు వైపులా వాల్వులు, విప్పగలిగే ఫ్లాంజి ముక్కలు. ఓనర్ ఒప్పుకుంటే ఒక 250కి బదులు రెండు 125లు పెట్టి, అత్యవసర లోడు ఒక్కదాని మీద నడిచేలా విడదీయడం ఇంకా మంచిది.

మోడల్‌లో సమాచారం ఎంత పెట్టాలి అని కూడా అడిగారు. బిల్డింగు అప్పగించేటప్పుడు యంత్రాల వివరాలు ఇచ్చే కోబీ షీటులో యంత్రం ఆశించిన ఆయుష్షు, మార్పిడి ఖర్చు, వారంటీ కాలం, కొలతలు పెట్టడానికి గడులు ఉన్నాయి, అవి నింపండి. వాటికి తోడు నాలుగు పారామీటర్లు మీరే చేర్చండి: విడదీశాక మిగిలే అతి బరువైన ముక్క ఎంత, అది ఏ దారిన పోతుంది, ఏ గోడ కొట్టాలి, క్రేన్ ఎక్కడ నిలబడాలి. స్విచ్చులకు, లైట్లకు ఇవన్నీ నింపుతూ కూర్చోవద్దు, ఇద్దరు మనుషులు మోయలేని వస్తువులకు చాలు. అప్పగించేటప్పుడు రెవిట్ ఫైలుతో పాటు ఐఎఫ్‌సీ (ఏ కంపెనీ సాఫ్ట్‌వేర్‌లోనైనా తెరవగలిగే మోడల్ ఫైలు), పీడీఎఫ్ ఇవ్వండి. పదిహేనేళ్లకు ఆ సాఫ్ట్‌వేర్ లైసెన్సు ఎవరి దగ్గర ఉంటుందో చెప్పలేం. దారి షీటును మాత్రం లామినేషన్ చేయించి యంత్రం గది తలుపు లోపలివైపు బిగించండి. ఆ రోజు రాత్రి రెండింటికి దాన్ని చూసేది మెయింటెనెన్స్ కుర్రాడు, మీరూ నేనూ కాదు.

ఓనర్ గజం రేటు చెప్పి సెల్లార్ గురించి పట్టుబడితే వాదించకండి. కిరాయి జనరేటర్‌కు రోజుకు ఎంత, డీజిల్ ఎంత, ఐసీయూ, ఆపరేషన్ థియేటర్ ఆగితే రోజుకు ఎంత పోతుంది, ఈ లెక్క ఆయన అకౌంటెంట్ చేతే వేయించండి. ఇప్పుడు ఒక లింటెల్, కొన్ని ప్రీకాస్ట్ పలకల ఖర్చు దాని పక్కన పెట్టి చూపించండి. నేను చెప్పి ఒప్పించలేని ఓనర్లు ఆ కాగితం చూసి ఒప్పుకున్నారు.

మీ గ్రౌండ్ ఫ్లోర్ స్లాబ్ సెంట్రింగ్ వచ్చే నెల అని రాశారు. మిగతావన్నీ తర్వాత చేయొచ్చు, ముందు ర్యాంపు మొదటి బీమ్ దగ్గర ఒక సెక్షన్ తీసి, 5.2 మీటర్ల పొడవు, 2.55 మీటర్ల ఎత్తున్న డబ్బాను దాని కింద నుంచి పది చోట్ల జరిపి చూడండి. ఎత్తులో ఇప్పుడున్న సెట్టుకు 15 శాతం కలిపాను కాబట్టి, రోలర్ల 15 సెంటీమీటర్లు కింద వేరుగా వేయాలి. తగిలితే ఆ బీమ్‌ను తలకిందులుగా, అంటే స్లాబ్ పైకి లేచేలా వేయగలరేమో స్ట్రక్చరల్ ఇంజనీర్‌ను ఈ వారమే అడగండి. సెక్షన్ ఇక్కడ పెడితే నేనూ చూస్తాను.